డ్రిల్లింగ్ మిషన్‌కు చుట్టుకున్న జడ

రేణిగుంట నుంచి తిరుపతికి పోయే రోడ్డులో, లారీల గోడౌన్లు అయిపోయాక, రేకుల కప్పు వేసిన ఒక షెడ్డు ఉండేది. ఎనభైల మొదట్లో నేను అందులో పనికి చేరాను. టెన్త్ తప్పి రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్నదాన్ని. మా నాయన ఆ గోడౌన్లలో ఒకదానికి కావలి. షెడ్డు యజమానితో పరిచయం ఉండబట్టి నన్ను అక్కడ చేర్చాడు. మా వీధిలో పనికి పోయే ఆడపిల్లలు లేకపోలేదు. పూలు కట్టేవాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు ఉన్నారు. కరెంటు మిషన్ ముందు నిలబడి ఇనుముకు రంధ్రాలు వేసే పనికి పోయింది మాత్రం నేనొక్కదాన్నే. అది నాకు గొప్పగా ఉండేది. అమ్మకు ఇష్టం లేదు. "ఆడబిడ్డకు ఇనప పనేంది?" అని నాయన మీద వారం రోజులు గొణిగి, చివరికి తనే క్యారియరు కట్టి చేతికిచ్చింది.

వ్యవసాయ మోటార్లకు బిగించే గుండ్రటి ఇనుప బిళ్ళలు అక్కడ తయారయ్యేవి. లోపలి వైపు లేతుల మీద మగవాళ్ళు వాటిని నున్నగా చెక్కేవాళ్ళు. ఒక్కో బిళ్ళ అంచున నాలుగు బోల్టు రంధ్రాలు వేయడం మా వంతు. డ్రిల్లింగ్ మిషన్లు రెండు. ఒకటి నాది. ఇంకోటి పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చిన ఒకామెది. నాకంటే పదేళ్ళు పెద్ద. మొగుడు పోయాక అన్న ఇంట్లో ఉండలేక రేణిగుంటకు వచ్చేసింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను "మే" అనేది, కోపం వస్తే "ఏం మే" అనేది.

మా ఇద్దరికీ పని నేర్పింది మేస్త్రీ. మద్రాసు వర్క్‌షాపుల్లో వయసంతా గడిపి, ముసలితనంలో సొంత ఊరికి వచ్చిన మనిషి. ఉదయం షెడ్డు తలుపు దగ్గర నిలబడేవాడు. భుజం మీద రెండు ఖాకీ గుడ్డ ముక్కలు ఉండేవి. మేం జుట్టు ముడి వేసుకుని, ఆ గుడ్డ తలకు బిగించి కట్టుకుంటే గానీ లోపలికి రానిచ్చేవాడు కాదు. గాజులు తీసి క్యారియరు సంచిలో వేయాలి. పైట నడుముకు దోపి, దాని మీద పొట్టి చేతుల చొక్కా తొడుక్కోవాలి. బిళ్ళను చేత్తో పట్టుకోకూడదు, పట్టకారులో బిగించాలి. ఇనుప రజను చేత్తో తుడవకూడదు, బ్రష్షుతో తోయాలి.

మొదటి రోజు ఆయన ఒక నూలు పోగు తెచ్చాడు. మిషన్ తిరుగుతుండగా పోగు కొసను దాని ఇరుసు దగ్గరికి మెల్లగా తీసుకుపోయాడు. రెప్పపాటులో పోగు ఆయన చేతిలోంచి మాయమైంది. ఇరుసు చుట్టూ తెల్లటి గీత ఒకటి మిగిలింది.

"సూసినావా పాపా? నేను దాని కాడికి పోలా. అదే వచ్చి పట్టుకునింది" అన్నాడు.

నాకు అది గారడీలా అనిపించింది. చప్పట్లు కొట్టినంత పని చేశాను. ఆయన నవ్వలేదు.

నా జడ అప్పట్లో నడుము దాటి ఉండేది. ఆ సంగతి నేను ఎంత తలచుకునేదాన్నో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ ఖాకీ గుడ్డ కింద దాన్ని ముద్దలా దాచుకోవడం నాకు కష్టంగా ఉండేది. రేకుల కింద ఎండకు తల ఉడికిపోయేది. మేస్త్రీ భోజనానికి పోగానే గుడ్డ విప్పి జడ వెనక్కి వదిలేదాన్ని. ఆయన వచ్చే అలికిడికి మళ్ళీ కట్టుకునేదాన్ని. అక్క చూసి తిట్టేది. ఏడెనిమిది నెలలు అలాగే జరిగింది, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నా ధైర్యం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మిషన్ స్విచ్చు మాకు అందేచోట లేదు. వెనక గోడకు ఉండేది. ఆపాలంటే మిషన్ చుట్టూ తిరిగి పోవాలి. బిళ్ళ బిళ్ళకూ అలా తిరగలేక దాన్ని ఆపకుండానే పాత బిళ్ళ తీసి కొత్తది బిగించేవాళ్ళం. అక్క కూడా అంతే. పొద్దున వేసిన స్విచ్చు మధ్యాహ్నం భోజనాలకే ఆగేది. మేస్త్రీ రెండుసార్లు యజమానికి చెప్పాడు, స్విచ్చు ముందుకు మార్చమని. యజమాని సరే అన్నాడు గానీ మార్పించలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ధాన్యం వ్యాపారం చేసే ఇంట పుట్టి ఇనుము వ్యాపారంలోకి వచ్చినవాడు, ఆ మిషన్లంటే ఆయనకే భయం. అరవ వాళ్ళు పిలిచినట్టు మేమంతా ఆయన్ను మొదలాళి అనేవాళ్ళం.

ఆ రోజు శుక్రవారం. పొద్దున్నే తలంటు పోసుకున్నాను. జుట్టు ఆరేంత సమయం లేదు. తడి జుట్టును వదులుగా అల్లి, కొసన ముడి వేసుకుని పనికి వచ్చేశాను. తలుపు దగ్గర మేస్త్రీ లేడు. డ్రిల్లు ముక్కులు కొనడానికి చిత్తూరు పోయాడని లేతు దగ్గరున్న ఆయన చెప్పాడు. ఖాకీ గుడ్డలు మేకుకు వేలాడుతున్నాయి.

"కట్టుకో మే" అంది అక్క.

"తడిగా ఉండాది అక్కా. కట్టుకుంటే తలనొప్పి వస్తాది. ఆరినాక కట్టుకుంటా."

అక్క తన మిషన్ వైపు తిరిగింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఇంకోసారి ఎందుకు చెప్పలేకపోయానని ఆమె ఏడ్చేది.

పదకొండు దాటి ఉంటుంది. ఒక బిళ్ళకు మూడు రంధ్రాలు వేశాను. నాలుగోది వేయబోతే గుర్తు కనిపించకుండా రజను అడ్డం పడింది. బ్రష్షు పక్కనే ఉంది. తీసుకోవడానికి బద్ధకమేసి, వంగి నోటితో ఊదాను. జడ ఎడమ భుజం మీదుగా ముందుకు జారడం నాకు తెలిసింది. తల విదిలిస్తే వెనక్కి పోతుందిలే అనుకున్నాను. ఆ అనుకోవడం దాకా నాకు బాగా గుర్తుంది.

ఎవరో వెనక నుంచి వచ్చి జడ పట్టుకుని లాగారు. అలాగే అనిపించింది నాకు. అక్క ఆట పట్టిస్తోందనుకుని "ఇడువక్కా" అన్నాను. ఆ మాట పూర్తయ్యే లోపల నా చెంప ఇనుప స్తంభానికి కొట్టుకుంది. తల పక్కకు తిరిగిపోయింది. మెడలో ఏదో పటపటమంది. చెవి పక్కన పెద్ద చీర చింపినట్టు చప్పుడు వినిపించింది. ఏం చినుగుతోందో నాకు అర్థం కాలేదు. నొప్పి లేదు. నిజంగా లేదు. మిషన్‌ను తిప్పే బెల్టు జారుతున్న కీచు శబ్దం మాత్రం ఉంది.

అంతలో షెడ్డు మొత్తం ఆగిపోయింది. అక్క పరుగెత్తి మెయిన్ స్విచ్చు పిడి కిందికి లాగేసింది. లేతులు, పంకాలు, నా మిషన్, అన్నీ ఒక్కసారి మెల్లబడి ఆగాయి. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేను ఎప్పుడూ వినలేదు. రోడ్డు మీద లారీ హారన్ వినబడింది. నా కళ్ళ ముందు జానెడు దూరంలో మూడు రంధ్రాల బిళ్ళ ఉంది. దాని మీద ఎర్రటి చుక్కలు పడుతున్నాయి. అవి ఎక్కడి నుంచి పడుతున్నాయో అని ఆలోచిస్తున్నాను.

"కదలొద్దు, కదలొద్దు తల్లీ. కండ్లు మూసుకో" అని అక్క గొంతు. ఆమె రెండు చేతులతో నా తలను ఎత్తి పట్టుకుంది. లేతు ఆయన వచ్చి బెల్టును చేత్తో పట్టి వెనక్కి తిప్పుతున్నాడు, జుట్టు వదులవుతుందేమోనని. వదలలేదు. కత్తెర కోసం వెతికారు. ఇనుము పని చేసే చోట కత్తెర ఎందుకుంటుంది? గోనె సంచులు కోసే బ్లేడు తెచ్చి, ఇరుసుకూ నా తలకూ మధ్య జుట్టు కోశారు. ఒక పక్క కోయాల్సిన అవసరం రాలేదు. అది అప్పటికే నా తలను వదిలేసి ఉంది.

మొదలాళి ఆఫీసు గదిలోంచి వచ్చి, నన్ను చూసి, అక్కడే సిమెంటు నేల మీద కూలబడ్డాడు. తర్వాత ఆయనే లేచాడు. ఆయన కారులోనే తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్క ఒడిలో నా తల. దారి పొడుగునా నేను ఒకటే మాట అడిగానట. "మిషన్ ఆపినారా?" అని.

ఆసుపత్రిలో మిగిలిన జుట్టు కూడా గొరిగేశారు. ఎడమ చెవి వెనక నుంచి నడినెత్తి దాకా అరచేయి వెడల్పున చర్మం లేచిపోయింది. మిగిలినదాన్ని సర్ది కుట్లు వేశారు. మెడ విరగలేదు, బెణికింది. డాక్టరు నాయనతో ఆ మాట చెబుతుంటే విన్నాను. నాయన చేతిలో తలపాగా నలుపుతూ నిలబడ్డాడు.

మూడో రోజు మేస్త్రీ వచ్చాడు. మంచం కాళ్ళ వైపు నిలబడి, నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"ఆ బెల్టు సడలి ఉండాది పాపా. వారంగా బిగించాల బిగించాల అనుకుంటా ఉండా. మరిసిపోయినా. అది సడలి ఉన్నందుకే జారింది. నేను బిగించి ఉంటే..."

ఆయన అక్కడితో ఆగిపోయాడు. నేను ఆ రాత్రంతా ఆ మాట మిగతా సగం గురించే ఆలోచించాను. ఒక ముసలాయన మతిమరుపు వల్ల నేను బతికాను. ఆయన ఆ వారంలో ఏ రోజైనా గుర్తు తెచ్చుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ నా అరికాళ్ళు చల్లబడతాయి.

"నువ్వు ఉండి ఉంటే నేను గుడ్డ కట్టుకునేదాన్ని" అన్నాను ఆయన్ను ఊరడించాలని. మళ్ళీ నాకే అబద్ధమనిపించింది. "నువ్వు భోంచేసే టయానికి విప్పేదాన్ని కూడా. ఎప్పుడూ విప్పతానే ఉండా" అని చెప్పేశాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. భయం ఉంది.

మెడకు పుత్తూరులో ఎముకల వైద్యుల దగ్గర కట్టు కట్టించారు. నెల పైన ఇంట్లోనే ఉన్నాను. అమ్మ అద్దం దాచేసింది. నీళ్ళ తొట్టిలో ఒకసారి చూసుకున్నాను. ఆ మనిషి నేనని నమ్మలేకపోయాను. జుట్టు లేదని కాదు, కళ్ళు వేరేగా ఉన్నాయి. ఇంట్లో పిండి మిల్లు మాట వచ్చినా, వీధిలో మోటారు చప్పుడైనా, చేతులు వాటంతట అవే తల మీదికి పోయేవి.

కుట్లు ఆరాక ఒక పొద్దున తల మీద చెంగు కప్పుకుని వాకిట్లో కూర్చున్నాను. ఎదురింటి పెద్దామె బిందెతో పోతూ ఆగింది. చెంగు కింద నా గుండు కనిపించినట్టుంది.

"ఏమ్మా, పాపకు గుండు సేయించినావే. మొక్కా?" అని అమ్మను అడిగింది.

అమ్మ పాత్రలు తోముతోంది. తల ఎత్తలేదు. "అవునక్కా. పొయిన నెల కొండకు పోయినాము. తీరని జెరం వచ్చింది కదా, అప్పుడు మొక్కుకున్నా" అంది.

నేను కొయ్యబారిపోయాను. మా అమ్మ నోట అంత నిదానంగా, అంత వివరంగా అబద్ధం రావడం వినడం అదే మొదటిసారి. పెద్దామె చేతులు జోడించింది. "జడ ఇచ్చేసినావా తల్లీ, మంచిదే, స్వామి సల్లగా సూస్తాడు" అని నా గడ్డం పట్టుకుంది. "పెసాదం పెట్టలేదే మాకు?" అంది.

అమ్మ లేచి లోపలికి పోయి నిజంగానే లడ్డు ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆ లడ్డు ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. పెద్దామె పోయాక అడిగాను.

"ఏందిమా ఇది?"

"గమ్మునుండు" అంది. అంతే.

తిరుపతి చుట్టుపక్కల గుండు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. ఒకరి నుంచి ఒకరికి ఆ మాటే పాకింది. బస్సులో, అంగడిలో, కుళాయి దగ్గర అందరూ మొక్కు గురించే అడిగేవాళ్ళు. నేను తల ఊపేదాన్ని. నా పెళ్ళి కోసం అమ్మ అలా చెప్పిందని అనుకున్నాను. మిషన్‌లో పడిన పిల్ల అంటే ఎవరు చేసుకుంటారు? మొదలాళి కూడా అలాగే చెప్పమని అని ఉంటాడనీ అనుకున్నాను. ఎవరైనా ఆఫీసరు వచ్చి అడిగితే ఆయనకు ఇబ్బంది కదా. ఇలా ఆలోచించి, నాలుగు రోజులకు నేనూ ఆ అబద్ధానికి అలవాటు పడ్డాను. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే ఉంది. తప్పు చేసినదాన్ని కాకుండా భక్తురాలిని అయ్యాను.

అక్క మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు. నా మనసు నొచ్చుకుంది. మూడు నెలలు గడిచాక రేణిగుంట సంతలో కూరగాయల దగ్గర ఎదురుపడింది. నన్ను చూడగానే చేతిలో సంచి వదిలేసి, రెండు చెంపలూ పట్టుకుంది.

"రాలేదేమక్కా?" అన్నాను.

"మీ అమ్మ రావద్దనింది మే. నన్ను సూస్తే నీకు మల్లా అంతా గుర్తొస్తాదని."

ఆమె వదిలేసిన సంచి తీసి చేతికిచ్చాను. తర్వాత మాట మార్చాలని, నా మిషన్ ఏం చేశారని అడిగాను.

"తిరగతా ఉండాది. కొత్త పిల్ల వచ్చింది. నీ వయసే."

"ఏం జరిగిందో ఆ పిల్లకు చెప్పినారా?"

అక్క కళ్ళు దించుకుంది. "నువ్వు మొక్కు తీర్సుకోని పని మానుకున్నావని సెప్పినాము. మొదలాళి అట్లే సెప్పమనినాడు."

"స్విచ్చు?"

"ఆడే ఉండాది."

"మేస్త్రీ నూలు పోగు చూపించలేదా?"

"సూపించినాడు. ఆ పిల్ల నవ్వింది."

సంతలో అంత గోలలో ఆ మాట ఒక్కటే వినిపించింది నాకు. ఆ పిల్ల నవ్వింది. మొదటి రోజు నేను కూడా నవ్వాను. నా మొక్కు కథ ఇన్నాళ్ళుగా ఊరంతా తిరిగి, చివరికి ఆ షెడ్డులో, ఆ మిషన్ ముందు, ముఖం తెలియని ఒక పిల్ల నెత్తి మీద కూర్చుంది. నేను ఎవరికీ అపకారం చేయని అబద్ధం అనుకున్నది అది.

మరునాడు ఇంట్లో చెప్పకుండా షెడ్డుకు పోయాను. రోడ్డు మీద ఉండగానే ఆ చప్పుడు వినిపించింది. కాళ్ళు ఆగిపోయాయి. మైలురాయి మీద కూర్చుని లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఎంతసేపటికి తలుపు దాకా చేరానో తెలియదు.

ఆ పిల్ల నాకు వీపు చేసి పని చేస్తోంది. ఖాకీ గుడ్డ తల మీద ఉంది. పేరుకే ఉంది. దాని కింద నుంచి జడ మొత్తం బయటికి వేలాడుతోంది, నిండా కనకాంబరాలు. మేస్త్రీ ఎక్కడో లోపల ఉన్నట్టుంది. ఆ పిల్ల రంధ్రం మీదికి వంగింది. జడ భుజం మీదుగా జారి, ఇరుసుకు బెత్తెడు దూరంలో వేలాడింది. ఆమె మెడ పక్కకు వంచి, నోరు సున్నాలా చుట్టి, రజను ఊదింది.

అరవాలని నోరు తెరిచాను. గొంతు రాలేదు. రాకపోవడమే మంచిదైంది. నేను అరిచి ఉంటే ఆ పిల్ల ఉలిక్కిపడి తల తిప్పేది, జడ అటే పోయేది. గోడ వెంట పోయి స్విచ్చు ఆపాను. మిషన్ మెల్లగా ఆగింది. ఆ పిల్ల లేచి నన్ను చూసింది.

"ఎవురు నువ్వు? యాల ఆపినావు?"

చెంగు తీసేశాను. అప్పటికి అంగుళం జుట్టు మొలిచింది, మచ్చ ఉన్న చోట తప్ప. ఆమెకు వీపు చేసి, తల వంచి చూపించాను.

"ఇది మొక్కు కాదు. నేను కొండకు పోలేదు. నువ్వు ఇప్పుడు ఊదినావే, అట్లే నేనూ ఊదినాను. ఈ మిషనే."

తిరిగి చూస్తే ఆ పిల్ల రెండు చేతులతో జడ కొస పట్టుకుని గుండెలకు అదుముకుని ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. "మొక్కు తీర్సుకున్నావని సెప్పినారే" అంది. ఆ మాటే మూడుసార్లు అంది. తర్వాత బిళ్ళల పెట్టె మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది. అక్క వచ్చి ఆమె వీపు నిమిరింది. మేస్త్రీ లేతుల వెనక నుంచి వచ్చి, అంతా అర్థమై, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మొదలాళి కూడా వచ్చాడు. నాకు భయం పోయింది, కోపం వచ్చింది. "ఇంకో తల కూడా కావాల్నా సార్ మీకు?" అన్నాను. అలాంటి మాట ఆయన్ను అనగలనని నేనెప్పుడూ అనుకోలేదు. "మీ షెడ్డుకు చెడ్డ పేరు వస్తాదని ఈ పిల్లకు చెప్పకుండా ఉండారే, ఈ పిల్లకు ఏమన్నా అయింటే?"

ఆయన మొహం ఎర్రబడింది. నేల చూస్తూ అన్నాడు. "మీ అమ్మ వచ్చి నా కాళ్ళు పట్టుకునిందమ్మా. ఎవురికీ చెప్పొద్దండి, కొండకు పోయిందని చెప్పండి అనింది. నేను అడగలేదు. అడగలేదు గానీ..." తల ఎత్తాడు. "ఆమె అట్లా అంటే నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. అది మాత్రం నిజం."

నేరుగా ఇంటికి నడిచి వచ్చాను. అమ్మ బియ్యం ఏరుతోంది. నిలబడే అడిగాను. ఎందుకు పోయి ఆయన కాళ్ళు పట్టుకున్నావని. నా పెళ్ళి కోసం ఇంకో పిల్లను బలి పెడతావా అని. ఇంకా ఏమేమో అన్నాను.

అమ్మ చేట పక్కన పెట్టింది.

"పెండ్లి కోసం కాదు బిడ్డా" అంది. "ఆ శుక్కురవారం సాయంత్రం, మీ షెడ్డు అక్క నీ ఎంటికలు ఆ ఇనుము మింద నుంచి ఇప్పి తెచ్చినాది. పారేయను సేతులు రాలేదమ్మా అని గుడ్డలో సుట్టి నా సేతిలో పెట్టినాది. ఇప్పి సూసినాను. నేను పెంచిన జడ కాదా అది? దాని మొదట్లో..." ఆమె తన నెత్తి మీద చేయి పెట్టుకుంది. "ఆ గుడ్డ ఇంట్లో ఉంటే నాకు ఊపిరి ఆడలేదు. మీ నాయన సేతికిచ్చి కొండకు అంపినాను. ఆడ అందురూ ఎంటికలు ఇచ్చే కాడ ఇచ్చి రమ్మనినాను. ఆయన పోయి ఇచ్చి వచ్చినాడు. అప్పుట్నుంచి ఎవురడిగినా నాకు మిషన్ అనే మాట నోట్లో నుంచి రాలేదు. కొండ అంటే వచ్చింది."

నేను అమ్మ పక్కన కూర్చున్నాను. నాయన, మెట్లెక్కి, చేతిలో ఆ గుడ్డ మూటతో, వేల మంది మధ్యలో నిలబడటం నా కళ్ళకు కట్టింది. ఆయన ఎవరితో ఏం చెప్పి ఇచ్చి ఉంటాడు? ఆయన బతికున్నన్నాళ్ళూ నేను ఆ మాట అడగలేకపోయాను.

"ఆ పిల్ల బాగుండాదా?" అని అమ్మ అడిగింది. బాగుందని చెప్పాను. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, మూడు నెలల్లో మొదటిసారి ఏడ్చింది. మరునాడు కుళాయి దగ్గర ఎదురింటి పెద్దామెకు తనే జరిగిందంతా చెప్పింది. పెద్దామె బిందె నిండి పొంగి పోతున్నా చూసుకోలేదట.

మొదలాళి ఆ వారంలోనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి రెండు స్విచ్చులూ ముందుకు, ఎడమ చేతికి అందేలా మార్పించాడు. లేతు ఆయన రేకుతో ఒక మూత చేశాడు. మిషన్ తిరిగినంతసేపూ అది ఇరుసును కప్పి ఉంటుంది, పైకెత్తి పట్టుకుంటే గానీ ఇరుసు కనబడదు. కొత్త పిల్ల పని మానలేదు. మానుతుందనుకున్నాను. వాళ్ళ ఇంట్లో ఆమె కూలి మీదే నలుగురు బతుకుతున్నారని తర్వాత తెలిసింది. జుట్టు ముడి వేసి, పిన్నులు పెట్టి, దాని మీద గుడ్డ కట్టి, వెనక ముడి గట్టిగా ఉందో లేదో అక్క చేత లాగించి చూసుకునేది. పనికి కొత్తగా ఎవరు చేరినా మేస్త్రీ నూలు పోగు చూపించాక నన్ను పిలిచేవాడు. నాకు అది మొదట్లో అవమానంగా ఉండేది. చెంగు తీసి తల చూపించేటప్పుడు ఆ కొత్తవాళ్ళ మొహాలు మారిపోవడం చూడలేక నేను అటు తిరిగే నిలబడేదాన్ని.

అవును, నేను మళ్ళీ అక్కడికే పోయాను. ఆరు నెలలకు. ముందు బిళ్ళలు లెక్కపెట్టి గోనె సంచుల్లో వేసే పని ఇచ్చారు. ఒక మధ్యాహ్నం నేనే మేస్త్రీని అడిగాను, మిషన్ ముందు నిలబెట్టమని. ఆయన వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. తల గుడ్డ ఆయనే చేతికిచ్చాడు. ముడి వేసేంత జుట్టు నాకు ఇంకా లేదు, అయినా కట్టుకున్నాను. పట్టకారులో బిళ్ళ బిగించాను. మూత దించాను. స్విచ్చు మీద వేలు పెట్టాను. వేలు నొక్కలేదు. ఆ రోజు అంతే. మరునాడూ అంతే. తొమ్మిదో రోజో పదో రోజో స్విచ్చు పడింది. మిషన్ తిరిగింది. నా పళ్ళు కటకటలాడుతున్న చప్పుడు మిషన్ చప్పుడులో కూడా నాకు వినిపించింది. పిడి కిందికి దించి ఒక రంధ్రం వేశాను, ఆపాను, బ్రష్షుతో రజను తోశాను.

"ఇంకొకటి ఏస్తావా?" అన్నాడు మేస్త్రీ.

"రేపు" అన్నాను. పోయి బయట గట్టు మీద కూర్చుంటే అక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.